దారిలో చెయ్యి పడని కంప్యూటర్ కావాలంటే: ఐదు కొనుగోలు మార్గాల పోలిక

2014లో బయటపడిన అమెరికా నిఘా సంస్థ ఎన్‌ఎస్‌ఏ అంతర్గత పత్రాల్లో ఒక ఫొటో ఉంది. నెట్‌వర్క్ పరికరాలు చేసే సిస్కో కంపెనీ పేరు రాసి ఉన్న అట్టపెట్టెను కొందరు జాగ్రత్తగా, చిరగకుండా విప్పుతున్నారు. 2010 జూన్ నాటి ఆ పత్రంలో పద్ధతి కూడా రాసి ఉంది. నిఘా పెట్టదలచుకున్నవాళ్లు కొన్న సరుకును దారి మళ్లించాలి, లోపల తమ ఏర్పాటు చేసుకోవాలి, మళ్లీ ప్యాక్ చేసి అసలు చిరునామాకు పంపాలి. అందుకున్నవాడికి సీలు చెక్కుచెదరని కొత్త పెట్టే కనిపిస్తుంది.

దీనికి సిస్కో ఎంచుకున్న విరుగుడు నాకు బాగా నచ్చింది. ముప్పు ఎక్కువున్న కస్టమర్ల సరుకును వాళ్లతో ఏ సంబంధమూ లేని చిరునామాలకు పంపిస్తున్నామని 2015లో ఆ కంపెనీ భద్రతాధికారి చెప్పారు. సీలు ఎంత గట్టిదైనా విప్పి మళ్లీ వేసేవాళ్లు ఉంటారు. ఏ పెట్టె ఎవరికి వెళ్తోందో తెలియకపోతే మాత్రం దారి కాసేవాడు ఏ పెట్టెను ఆపాలి?

కొత్త ల్యాప్‌టాప్ కొనాలి, దాన్ని గట్టిగా నమ్మాలి, కానీ షాపులో కొనాలా, ఓపెన్ ఫర్మ్‌వేర్ (అంటే మిషన్‌ను లేపే లోపలి సాఫ్ట్‌వేర్, దాని సోర్స్ కోడ్ అందరికీ తెరిచి ఉంటుంది) కంపెనీ నుంచి తెప్పించాలా, పాతది తీసుకుని మనమే శుభ్రం చేసుకోవాలా అని తేల్చుకోలేక ఆగిపోయినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. జర్నలిస్టులు, లాయర్లు, క్లయింట్ల డబ్బు లేదా ప్రాణాలకు సంబంధించిన సమాచారం దగ్గర పెట్టుకునేవాళ్లు, చిన్న ఆఫీసులకు ఐటీ చూసుకునేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే.

## ముందు తేల్చుకోవాల్సినవి

భయాలు రెండు రకాలు. ఒకటి అందరి మీదా పడేది. రెండోది మీ ఒక్కరి మీదే పడేది. ఈ రెంటికీ మందు ఒకటి కాదు.

అందరి మీదా పడేదానికి మంచి ఉదాహరణ సూపర్‌ఫిష్. 2014 చివర్లో లెనోవో అమ్మిన కొన్ని ల్యాప్‌టాప్‌ల్లో ఫ్యాక్టరీలోనే వేసి పంపిన ఆ ప్రకటనల సాఫ్ట్‌వేర్, వెబ్‌సైట్ల ఎన్‌క్రిప్షన్ మధ్యలో దూరేది. 2015 ఫిబ్రవరిలో గోల అయ్యాక తీసేశారు. చవక ఆండ్రాయిడ్ టీవీ బాక్సుల్లో బయటపడిన బ్యాడ్‌బాక్స్ కూడా ఇలాంటిదే. బాక్సు కొనేసరికే లోపల మాల్‌వేర్ ఉంటుంది. 2024 డిసెంబరులో జర్మనీ సైబర్ భద్రతా సంస్థ బీఎస్‌ఐ ఒక్క ఆ దేశంలోనే దాదాపు 30,000 పరికరాలకు వాటిని దూరం నుంచి నడిపించే నేరగాళ్లతో సంబంధం తెగ్గొట్టాల్సి వచ్చింది. ఇక్కడ మీరెవరన్నది ఎవరికీ పట్టదు. ఆ మోడల్ కొన్న ప్రతివాడూ బాధితుడే.

రెండో రకంలో మీ పేరు ఒకరి లిస్టులో ఉంది. మీకు వచ్చే పెట్టె కోసమే ఒకరు ఎదురుచూస్తున్నారు. లేదా మీరు హోటల్ గదిలో వదిలి వెళ్లిన ల్యాప్‌టాప్ కోసం. 2009లో పరిశోధకురాలు జోవానా రుట్‌కోవ్‌స్కా ఈ హోటల్ గది దాడికి ఈవిల్ మెయిడ్, అంటే దుష్ట పనిమనిషి, అని పేరు పెట్టారు.

ఈ తేడా మనసులో పెట్టుకుని నేను ప్రతి మార్గాన్నీ నాలుగు ప్రశ్నలతో కొలుస్తాను.

పెట్టె మీద మీ పేరు ఎంతసేపు ఉంటుంది? ఆర్డర్ పెట్టిన క్షణం నుంచి చేతికి అందేదాకా ఆ వస్తువు మీదేనని ఎంతమందికి తెలుసు, ఎన్ని రోజులు తెలుసు.

ఫర్మ్‌వేర్ తాళం ఎవరి చేతిలో ఉంది? మదర్‌బోర్డు మీద ఎనిమిది కాళ్ల చిన్న ఫ్లాష్ చిప్ ఒకటి ఉంటుంది. బయోస్, అంటే ఇప్పటి యూఈఎఫ్‌ఐ, ఉండేది అందులోనే. విండోస్ కంటే, లినక్స్ కంటే ముందు లేచేది అదే. 2018లో ఈసెట్ సంస్థ బయటపెట్టిన లోజాక్స్ అనే మాల్‌వేర్ ఈ చిప్‌లో కూర్చునేది. సిస్టమ్ మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా పోదు, డిస్క్ మార్చినా పోదు. అంతకు ముందు 2015లో కాస్పర్‌స్కీ వర్ణించిన ఈక్వేషన్ గ్రూప్ అనే హ్యాకర్ల బృందం, పేరున్న కంపెనీల హార్డ్‌డిస్క్‌ల ఫర్మ్‌వేర్‌నే తిరగరాయగలిగింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అనలేదు. యాంటీవైరస్ నడిచే చోటుకు కింద అంతస్తులో కూర్చున్నవాణ్ణి యాంటీవైరస్ చూడలేదు.

చెయ్యి పడితే మీకు తెలుస్తుందా? ఆపడం వేరు, పసిగట్టడం వేరు. చాలా మార్గాలు ఒకటి ఇస్తే రెండోది ఇవ్వవు.

అప్‌డేట్లు ఎన్నాళ్లు వస్తాయి? అరుదైన సరఫరా దాడి గురించి ఆలోచిస్తూ రోజూ జరిగే మామూలు దాడులకు తలుపు తెరిచిపెట్టడం నేను చాలా చోట్ల చూశాను.

ఇక్కడ మదర్‌బోర్డు మీద బియ్యపు గింజంత రహస్య చిప్ సంగతి చెప్పాలి, ఎందుకంటే అందరూ దాని గురించే అడుగుతారు. 2018 అక్టోబరులో బ్లూంబర్గ్ సూపర్‌మైక్రో సర్వర్ బోర్డుల గురించి అలాంటి కథనం ప్రచురించింది. ఆపిల్, అమెజాన్, సూపర్‌మైక్రో మూడూ ఖండించాయి. ఆ చిప్‌ను ఎవరూ తెచ్చి జనం ముందు పెట్టలేదు. అలా చేయడం సాధ్యమేనని పరిశోధకుడు ట్రామెల్ హడ్సన్ అదే ఏడాది చివర్లో ఒక నమూనాతో చూపించారు. సాధ్యమే, కానీ కష్టం. ఉన్న ఫ్లాష్ చిప్‌లో రాతను మార్చడానికి మూత విప్పి, ఒక క్లిప్పు తగిలించి, కొన్ని నిమిషాలు ఆగితే చాలు. అంత సులువైన దారి ఉండగా ఎవరూ కొత్త చిప్ తయారుచేయించుకోరు. అందుకే ఈ పోలికలో ఎక్కువ బరువు ఫర్మ్‌వేర్ మీదే వేస్తున్నాను.

## మొదటి మార్గం: షాపుకు నడిచి వెళ్లి, చేతికి దొరికిన పెట్టె తెచ్చుకోవడం

దీన్ని చాలామంది తేలిగ్గా తీసేస్తారు. నా లెక్కలో రెండో రకం భయానికి ఇంతకు మించిన మందు లేదు. మీరు ఏ షాపుకు వెళ్తారో, ఏ మోడల్ తీసుకుంటారో, వరసలో ఉన్న పెట్టెల్లో ఏది ఎంచుకుంటారో ముందే ఎవరికీ తెలియదు. సిస్కో కష్టపడి సాధించినది మీకు ఊరికే వస్తుంది.

అది నిలవాలంటే కొన్ని పద్ధతులు పాటించాలి. ముందుగా ఫోన్ చేసి బుక్ చేయొద్దు. స్టాక్ లేదు, రేపు తెప్పిస్తామంటే వేరే షాపుకు వెళ్లండి. వాళ్లు లోపలి నుంచి తెచ్చి ఇచ్చినది కాకుండా మీకు కనిపిస్తున్న వాటిలో ఒకటి మీరే వేలు పెట్టి చూపించండి. డెమో పీసు, సీలు తీసిన పెట్టె వద్దు. సాఫ్ట్‌వేర్ వేసి ఇస్తాం, గంటలో రండి అంటే మర్యాదగా వద్దనండి. ఆ గంటతో మీరు సంపాదించుకున్నదంతా పోతుంది.

మొదటి రకం భయానికి మాత్రం ఇది ఏమీ చేయదు. ఆ మోడల్ మొత్తంలో ఉన్న లోపం మీ పెట్టెలోనూ ఉంటుంది. తెచ్చిన రోజే డిస్క్ తుడిచేసి, తయారీదారు వేసిన సిస్టమ్‌ను నమ్మకుండా మీరే శుభ్రంగా ఇన్‌స్టాల్ చేసుకుంటే సూపర్‌ఫిష్ లాంటివి పోతాయి. ఆ తర్వాత బయోస్ అప్‌డేట్ చేయండి.

అప్‌డేట్ మాటొచ్చింది గనక ఒక సంగతి. 2020లో ఎఫ్‌-సెక్యూర్ పరిశోధకులు రెండు నకిలీ సిస్కో కాటలిస్ట్ స్విచ్‌లను విప్పి చూశారు. వాటిలో దొంగతలుపేమీ దొరకలేదు గానీ, అసలు సాఫ్ట్‌వేర్ నడవడం కోసం భద్రతా తనిఖీలను దాటేసే ఏర్పాటు ఉంది. అవి నకిలీవని బయటపడింది ఎలాగంటే, సాఫ్ట్‌వేర్ అప్‌గ్రేడ్ చేయగానే పనిచేయడం మానేశాయి. కొత్త వస్తువుకు మొదటి రోజే అప్‌డేట్ వేయడం కూడా ఒక తనిఖీ అన్నమాట.

## రెండో మార్గం: పెద్ద కంపెనీల బిజినెస్ ల్యాప్‌టాప్, సర్టిఫికెట్‌తో

డెల్, హెచ్‌పీ లాంటివి తమ బిజినెస్ రకాల్లో కొన్నింటికి ప్లాట్‌ఫామ్ సర్టిఫికెట్ ఇస్తాయి. ఫ్యాక్టరీలో బిగించేటప్పుడే ఏ డిస్క్, ఏ మెమరీ, ఏ బోర్డు అని సీరియల్ నంబర్లు రాసి, దాన్ని ఆ మిషన్‌లో రహస్యాలు దాచే టీపీఎం అనే భద్రతా చిప్‌తో ముడిపెట్టి, డిజిటల్ సంతకం చేస్తారు. అందుకున్నాక మీ ఐటీ మనిషి ఒక ప్రోగ్రామ్ నడిపితే రాసినదీ ఉన్నదీ ఒకటేనా అని తేలుతుంది. అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ 2022 డిసెంబరులో 1800-34 నంబరుతో ఇచ్చిన గైడ్ మొత్తం ఈ పద్ధతి గురించే.

యాభై మిషన్లు ఒకేసారి కొనే ఆఫీసుకు ఇది చాలా ఉపయోగం. ఒక్క మనిషికి మాత్రం దీని పరిమితి తెలియాలి. ఏ భాగం మారిందో సర్టిఫికెట్ చెబుతుంది. ఆ భాగం లోపల ఏం నడుస్తోందో చెప్పదు. పైగా మాట చెబుతున్నది తయారీదారే. కంచే చేను మేస్తే ఈ కాగితం పనికిరాదు.

ఇక ఫర్మ్‌వేర్ తాళం. ఈ మిషన్లలో ఇంటెల్ బూట్ గార్డ్ లాంటి ఏర్పాటు ఉంటుంది. తయారీదారు తాళపుచెవి గుర్తును చిప్‌సెట్‌లో ఫ్యూజులుగా కాల్చేస్తారు. ఆ చెవితో సంతకం లేని ఫర్మ్‌వేర్ లేవదు. క్లిప్పు తగిలించి తిరగరాసేవాడికి ఇది నిజమైన అడ్డుగోడ. అయితే అదే గోడ మీకూ అడ్డు. మీకు నచ్చిన ఫర్మ్‌వేర్ మీరు వేసుకోలేరు. తాళపుచెవి వాళ్ల దగ్గర పోతే మీ తాళమూ పోయినట్టే. 2023లో ఎంఎస్‌ఐ అనే తయారీ కంపెనీ మీద రాన్సమ్‌వేర్ దాడి జరిగి బూట్ గార్డ్ చెవులు బయటికొచ్చాయి. కాల్చిన ఫ్యూజును మళ్లీ మార్చడం కుదరదు. 2024లో బైనార్లీ సంస్థ బయటపెట్టిన పీకేఫెయిల్ అనే లోపం నాకు ఇంకా బాధ కలిగించింది. నమ్మొద్దు, సరుకులో పెట్టి పంపొద్దు అని పేరులోనే రాసి ఉన్న పరీక్ష తాళపుచెవిని చాలా కంపెనీలు అలాగే వదిలేసి, సంతకం ఉన్న సిస్టమ్‌నే లేవనిచ్చే సెక్యూర్ బూట్‌కు పునాదిగా వందల మోడళ్లు అమ్మేశాయి.

## మూడో మార్గం: ఓపెన్ ఫర్మ్‌వేర్ ల్యాప్‌టాప్, సీళ్లతో తెప్పించుకోవడం

ప్యూరిజం, నైట్రోకీ లాంటి చిన్న కంపెనీలు కోర్‌బూట్ అనే ఓపెన్ సోర్స్ ఫర్మ్‌వేర్‌తో ల్యాప్‌టాప్‌లు అమ్ముతాయి. ఇంటెల్ చిప్‌లలో ఉండే మేనేజ్‌మెంట్ ఇంజిన్ అనే లోపలి చిన్న కంప్యూటర్‌ను వీలైనంత నోరు నొక్కి పంపుతాయి. డబ్బు ఎక్కువ ఇస్తే దారిలో చెయ్యి పడకుండా చూసే ప్రత్యేక ప్యాకింగ్ కూడా ఉంటుంది. మరల మీద మెరుపుల నెయిల్ పాలిష్ వేస్తారు, దగ్గర నుంచి ఫొటోలు తీస్తారు, వాటిని ఎన్‌క్రిప్ట్ చేసిన మెయిల్‌లో విడిగా పంపుతారు. మిషన్‌ను సరిచూసే యూఎస్‌బీ తాళాన్ని వేరే పార్సిల్‌లో పంపమని కూడా అడగవచ్చు.

ఇందులో అసలు విలువైనది హెడ్స్ అనే ఏర్పాటు. ప్యూరిజం దీన్నే ప్యూర్‌బూట్ పేరుతో ఇస్తుంది. బూట్ గార్డ్ తలుపు మూస్తుంది. హెడ్స్ తలుపు మూయదు, ఎవరైనా వచ్చి వెళ్లారా అన్నది చెబుతుంది. మిషన్ లేచేటప్పుడు ఫర్మ్‌వేర్ తనను తాను కొలుచుకుని ఆ కొలతలను టీపీఎంకు అప్పగిస్తుంది. కొలతలు నిన్నటిలాగే ఉంటేనే టీపీఎం తన దగ్గర దాచిన రహస్యాన్ని వదులుతుంది. ఆ రహస్యంతో స్క్రీన్ మీద ఆరంకెల నంబరు వస్తుంది. మీ ఫోన్‌లోని కోడ్ యాప్‌లో అదే నంబరు ఉంటే సరే. యూఎస్‌బీ తాళం వాడితే ఇంకా సులువు, పచ్చ లైటు వస్తే సరే, ఎర్ర లైటు వస్తే ఆగాలి. సిస్టమ్ లేపే ఫైళ్ల మీద సంతకం మీదే ఉంటుంది. బ్యాంకు కార్డు పిన్ లాగా ఆ తాళపుచెవి మీ చేతిలోనే.

ఇబ్బందులూ చెప్పాలి. ప్రతి కెర్నల్ (లినక్స్ మూల భాగం) అప్‌డేట్ తర్వాత మీరు మళ్లీ సంతకం చేయాలి. నెలకు రెండు మూడుసార్లు ఎర్రగా హెచ్చరిక కనిపిస్తుంది. అది మీ అప్‌డేట్ వల్లే వచ్చిందో మరొకటో ఆలోచించే ఓపిక ఉండాలి. చూడకుండా సరే సరే అని నొక్కేసే అలవాటు పడితే ఈ డబ్బంతా దండగ. ఇంకా పెద్ద సమస్య మొదటి ప్రశ్న దగ్గర వస్తుంది. నాకు భద్రత కావాలి అని చెప్పి, పేరు, చిరునామా ఇచ్చి, దేశాలు దాటి కస్టమ్స్ గుండా వచ్చే పార్సిల్ ఇది. లిస్టులో పేరున్నవాళ్ల విషయంలో కాపు కాసేవాడు మొదట చూసేదే ఇలాంటి పార్సిల్. అందుకే ఆ సీళ్లూ ఫొటోలూ ఇక్కడ అలంకారం కాదు. ఫొటో చూడకుండా పెట్టె తెరిస్తే మీరు కొన్న రక్షణలో సగం వదులుకున్నట్టే.

## నాలుగో మార్గం: పాత ల్యాప్‌టాప్ కొని, ఫర్మ్‌వేర్ మీరే వేసుకోవడం

థింక్‌ప్యాడ్ ఎక్స్200, ఎక్స్230 ఈ పనికి పేరుపడ్డవి. 2008 నాటి ఎక్స్200లో లిబ్రెబూట్ అనే ఓపెన్ ఫర్మ్‌వేర్ వేస్తే మేనేజ్‌మెంట్ ఇంజిన్‌ను పూర్తిగా తీసేయవచ్చు. 2012 నాటి ఎక్స్230లో పూర్తిగా తీయలేం గానీ చాలావరకు కోసేయవచ్చు, హెడ్స్ కూడా నడుస్తుంది. ఎవరో తెలియని మనిషి దగ్గర నేరుగా కొంటే మొదటి మార్గంలో ఉన్న లాభం ఇక్కడా ఉంది. పైగా ఫర్మ్‌వేర్ మీద అధికారం పూర్తిగా మీదే.

నేను ఈ పని చేతులారా చేసినవాణ్ణి కాబట్టి కాస్త దగ్గరగా చెబుతాను. ఎక్స్230లో చేతులు ఆనించే పలక తీస్తే పక్కపక్కనే రెండు చిప్‌లు కనిపిస్తాయి, ఒకటి 8 ఎంబీ, ఒకటి 4 ఎంబీ. బ్యాటరీ తీసేయాలి, ఛార్జర్ పీకేయాలి. చిప్ మూలన ఉన్న చిన్న చుక్క ఒకటో కాలికి గుర్తు. క్లిప్పు మీద ఎర్ర తీగ అటువైపే రావాలి. తర్వాత చదవడం. ఒకసారి చదివిన ఫైలును నమ్మకూడదు. రెండుసార్లు చదివి రెండు ఫైళ్ల హ్యాష్ (ఫైలుకు వేలిముద్ర లాంటి నంబరు) పోల్చాలి. తేడా వస్తే చిప్ పాడైందని కంగారు పడొద్దు, తొంభై పాళ్లు క్లిప్పు సరిగ్గా కూర్చోలేదనే అర్థం. కొద్దిగా కదిపి మళ్లీ నొక్కండి. సీహెచ్341ఏ అనే చవక ప్రోగ్రామర్ వాడేవాళ్లకు ఒక హెచ్చరిక. వాటిలో ఒక రకం 3.3 వోల్టుల చిప్‌కు సిగ్నల్ తీగల మీద 5 వోల్టులు పంపుతుంది. వోల్టేజ్ మార్చుకునే స్విచ్ ఉన్నది తీసుకోండి. పాత ఫర్మ్‌వేర్ కాపీని భద్రంగా దాచాకే కొత్తది రాయండి.

ఇలా కొన్న ఒక ల్యాప్‌టాప్ నాకు మంచి పాఠం నేర్పింది. అమ్మినాయన ఒక్కసారి కూడా విప్పలేదండీ అన్నాడు. ఇంటికి తెచ్చి తిరగేస్తే అడుగున రెండు మరలు మిగతావాటి కంటే పొట్టివి. లోపల వైఫై కార్డు మార్చారు, యాంటెనా తీగను కొత్త టేపుతో అతికించారు. బయోస్‌లో దూరం నుంచి నడిపే రిమోట్ మేనేజ్‌మెంట్ ఆన్‌లోనే ఉంది, పాత యజమాని ఆఫీసు పాస్‌వర్డ్‌తో. ఆ రాత్రంతా టెన్షన్ పడ్డాను. తీరా చూస్తే అది దొంగ చెయ్యి కాదు, రిపేరు చెయ్యి. కానీ ఆ రెండింటికీ బయటికి కనిపించే గుర్తులు ఒకటే. పాత వస్తువులో చెయ్యి పడిందా అన్న ప్రశ్నకు జవాబు ఎప్పుడూ పడింది అనే వస్తుంది. అందుకే పాతది కొంటే గుర్తులు వెతుకుతూ కూర్చోకుండా ఫర్మ్‌వేర్ తిరగరాయండి, వైఫై కార్డు మార్చండి, డిస్క్ మార్చండి.

లోటు నాలుగో ప్రశ్న దగ్గర ఉంది, అది చిన్నది కాదు. 2018 జనవరిలో స్పెక్టర్, మెల్ట్‌డౌన్ అనే ప్రాసెసర్ లోపాలు బయటపడ్డాక వచ్చిన మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్) మరమ్మతులు ఎక్స్200 తరం చిప్‌లకు అందలేదు. ఎక్స్230 చిప్‌కు కొన్నాళ్లు వచ్చి ఆగిపోయాయి. ఎక్స్200లో మెమరీ 8 జీబీకి, ఎక్స్230లో 16 జీబీకి మించదు. పది బ్రౌజర్ ట్యాబులు తెరిచి పనిచేసే మనిషికి ఇది రోజూ నరకమే. రోజూ వెబ్‌లో తిరిగే మిషన్‌గా దీన్ని నేను ఎవరికీ చెప్పను. ఇంటర్నెట్‌కు దూరంగా పెట్టి సంతకాలకో, తాళపుచెవులు దాచుకోవడానికో వాడుకుంటే మాత్రం చక్కటి మిషన్.

ఫర్మ్‌వేర్ రాయడానికి వాడే రెండో కంప్యూటర్ మాటేమిటి అని మీకు ఈపాటికి అనిపించి ఉండాలి. నిజమే. సోర్స్ కోడ్‌ను మిషన్ భాషలోకి మార్చే కంపైలరే మోసం చేస్తే ఆ కోడ్ ఎంత చదివినా దొరకదని కంప్యూటర్ శాస్త్రవేత్త కెన్ థాంప్సన్ 1984లోనే అచ్చయిన ట్యూరింగ్ అవార్డు ఉపన్యాసంలో చూపించారు. ఎక్కడో ఒకచోట నమ్మకం మొదలుపెట్టక తప్పదు. ఎక్కడ మొదలుపెట్టాలో మీరు ఎంచుకోవచ్చు, ఈ మార్గం ఇచ్చే స్వేచ్ఛ అంతవరకే.

## ఐదో మార్గం: గట్టిగా తాళం వేసి వచ్చే పరికరం

క్రోమ్‌బుక్, ఆపిల్ సిలికాన్ మ్యాక్, పిక్సెల్ ఫోన్. వీటిలో మొదటి అడుగు చిప్‌లోనే చెక్కి ఉంటుంది, మార్చలేం. అక్కడి నుంచి ఒక్కో మెట్టు తర్వాతి మెట్టు సంతకం చూసి పైకి పోతుంది. మీరేమీ చేయనక్కర్లేదు. రెండో మార్గంలోని బలహీనతే ఇక్కడా ఉంది, తాళపుచెవి కంపెనీదే. కానీ చిప్, ఫర్మ్‌వేర్, సిస్టమ్ ఒకే కంపెనీ చేతిలో ఉండటం వల్ల మధ్యలో జారిపోయేది తక్కువ.

2021 నుంచి వచ్చిన క్రోమ్‌బుక్ ప్లాట్‌ఫామ్‌లకు పదేళ్లు అప్‌డేట్లు ఇస్తామని గూగుల్ 2023లో ప్రకటించింది. పిక్సెల్ 8 నుంచి ఫోన్లకు ఏడేళ్లు. మ్యాక్‌లో నాకు నచ్చే సంగతి, ఇంకో మ్యాక్ దగ్గరుంటే డీఎఫ్‌యూ అనే రికవరీ మోడ్‌లో పెట్టి ఫర్మ్‌వేర్‌తో సహా మొత్తం కొత్తగా వేసేయవచ్చు. టీ2 అనే భద్రతా చిప్ ఉన్న ఇంటెల్ మ్యాక్‌లను మాత్రం వదిలేయండి. వాటి బూట్ రోమ్‌లో, అంటే మార్చలేని ఆ మొదటి అడుగులో, 2020లో బయటపడిన లోపం మరమ్మతుకు వీల్లేనిది.

పిక్సెల్‌లో గ్రాఫీన్‌ఓఎస్ అనే భద్రత పెంచిన ఆండ్రాయిడ్ వేసుకుంటే ఆడిటర్ అనే యాప్ వస్తుంది. రెండో ఫోన్‌తో క్యూఆర్ కోడ్ స్కాన్ చేయిస్తే, లోపలి భద్రతా చిప్ సంతకంతో ఈ ఫోన్ అసలుదే, సిస్టమ్ మారలేదు అని తేలుతుంది. మొదటిసారి జత చేసిన నాటి నుంచి అదే ఫోన్ అవునా కాదా అన్నది కూడా చెబుతుంది. హెడ్స్ ల్యాప్‌టాప్‌కు చేసే పనిలో చాలా భాగం ఇది ఫోన్‌కు, దానిలో పదో వంతు శ్రమతో చేస్తుంది.

ఈ ఐదింటికీ బయట ఇంకో రెండున్నాయి. పవర్9 చిప్‌తో రాప్టర్ కంపెనీ చేసే టాలోస్ 2లో ఫర్మ్‌వేర్ మొత్తం ఓపెన్, కానీ అది బల్ల కింద పెట్టుకునే పెద్ద మిషన్. బన్నీ హువాంగ్ తయారుచేసిన ప్రికర్సర్‌లో ప్రాసెసర్‌నే మీరు సోర్స్ నుంచి కంపైల్ చేసుకోవచ్చు, కానీ అది అరచేతిలో పట్టే చిన్న పరికరం. ల్యాప్‌టాప్ బదులు వాడలేం. చిప్‌ను కూడా నమ్మని మనిషికి ఎంత దూరం వెళ్లాల్సి వస్తుందో అవి చూపిస్తాయి.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| మార్గం | పేరు బయటపడటం | ఫర్మ్‌వేర్ తాళం | చెయ్యి పడితే తెలుస్తుందా | అప్‌డేట్లు | మీ శ్రమ |
|---|---|---|---|---|---|
| షాపులో నేరుగా | దాదాపు లేదు | తయారీదారు | కొన్నాక మీరు గుర్తులు పెట్టుకుంటేనే | మోడల్‌ను బట్టి | తక్కువ |
| బిజినెస్ ల్యాప్‌టాప్, సర్టిఫికెట్ | ఆఫీసు పేరు తెలుస్తుంది | తయారీదారు | భాగాలు మారితే తెలుస్తుంది | బాగా వస్తాయి | ఐటీ మనిషి కావాలి |
| ఓపెన్ ఫర్మ్‌వేర్, సీళ్లు | పూర్తిగా తెలుస్తుంది | మీరు | బాగా తెలుస్తుంది | కంపెనీ నిలిచినంత కాలం | ఎక్కువ |
| పాతది, సొంత ఫర్మ్‌వేర్ | తక్కువ | మీరు | హెడ్స్ వేస్తే తెలుస్తుంది | చిప్‌కు ఆగిపోయాయి | చాలా ఎక్కువ |
| తాళం వేసిన పరికరం | షాపులో కొంటే లేదు | తయారీదారు | ఫర్మ్‌వేర్ వరకు | ఎక్కువ కాలం | చాలా తక్కువ |

## ఎవరికి ఏది

ప్రత్యేకంగా మిమ్మల్ని వెతుక్కుంటూ వచ్చేవాడు లేడనిపిస్తే, ఐదో మార్గాన్ని మొదటి మార్గంతో కలపండి. అంటే షాపుకు వెళ్లి క్రోమ్‌బుక్ లేదా మ్యాక్ తెచ్చుకోండి. నిజం చెప్పాలంటే నన్ను అడిగిన పదిమందిలో ఎనిమిది మందికి ఇదే చెప్పాను. మూడో మార్గం మీద మోజుతో వచ్చి ఇది విని నిరాశపడ్డవాళ్లున్నారు.

మీ పేరు లిస్టులో ఉండొచ్చు, టెక్నికల్ పనులకు ఓపిక లేదు అనుకునే జర్నలిస్టుకు, లాయర్‌కు కూడా నా జవాబు అదే. కాకపోతే ల్యాప్‌టాప్‌ను మీరే వెళ్లి కొనకుండా, మీతో ముడిపడని నమ్మకస్తులను పంపండి. ఫోన్‌కు పిక్సెల్, గ్రాఫీన్‌ఓఎస్, ఆడిటర్. పోస్టులో ఏదీ తెప్పించుకోవద్దు, ఛార్జింగ్ కేబుల్, మౌస్ కూడా. యూఎస్‌బీ పరికరం లోపలి ఫర్మ్‌వేర్ మార్చి దాన్ని కీబోర్డులా నటింపజేయవచ్చని పరిశోధకులు కార్‌స్టెన్ నోల్, జాకబ్ లెల్ 2014లోనే బ్యాడ్‌యూఎస్‌బీ పేరుతో చూపించారు.

పేరు లిస్టులో ఉంది, లినక్స్ చేతిలో ఆడుతుంది, మిషన్‌ను తరచూ ఎక్కడో వదిలి వెళ్లాల్సి వస్తుంది. మూడో మార్గం మీలాంటివాళ్ల కోసమే పుట్టింది. వదిలి వెళ్లిన మిషన్ గురించి రోజూ ఉదయం జవాబు చెప్పేది హెడ్స్ ఒక్కటే. వీలైతే ఆ కంపెనీ దగ్గరికే వెళ్లి తెచ్చుకోండి. లేదా ఇంకొకరి పేరు మీద తెప్పించండి.

చిన్న ఆఫీసు ఐటీ చూసేవాళ్లకు రెండో మార్గం. కానీ సర్టిఫికెట్ కొన్నామని ఊరుకుంటే లాభం లేదు. వచ్చిన ప్రతి మిషన్ మీదా ఆ తనిఖీ నడపాలి. లినక్స్ వాడితే ఎఫ్‌డబ్ల్యూయూపీడీ అనే ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ప్రోగ్రామ్‌లో ఉన్న భద్రతా నివేదిక చూడండి. సున్నా నుంచి నాలుగు దాకా ఒక స్థాయి నంబరిచ్చి, ఫ్లాష్ చిప్‌కు రాత నిరోధం ఉందా, బూట్ గార్డ్ పనిచేస్తోందా అని విడివిడిగా చెబుతుంది. సున్నా వచ్చిన మిషన్‌ను నేనైతే తిప్పి పంపిస్తాను.

క్రిప్టో డబ్బు దాచే హార్డ్‌వేర్ వాలెట్ కొనేవాళ్లకు వేరే మాట చెప్పాలి. 2023లో కాస్పర్‌స్కీ ఒక నకిలీ ట్రెజర్ వాలెట్‌ను విప్పి చూపించింది. పెట్టె మీద, పరికరం మీద హోలోగ్రామ్ స్టిక్కర్లు చక్కగా ఉన్నాయి. లోపల చిప్ వేరు. అది ఇచ్చే రహస్య పదాలు అమ్మినవాడికి ముందే తెలుసు. వాలెట్ ఏదైనా తయారీదారు దగ్గరే కొనాలి. దాని సొంత యాప్‌తో ఫర్మ్‌వేర్ సరిచూశాకే డబ్బు వేయాలి. స్టిక్కర్‌ను చూసి నమ్మొద్దు.

## తెచ్చిన రోజు చేయాల్సిన పని

ఏ మార్గంలో తెచ్చుకున్నా, ఇంటికి చేరిన క్షణం నుంచి కాపలా మీదే. డిస్క్ తుడిచి సిస్టమ్ వేయడం, బయోస్ అప్‌డేట్, బయోస్‌కు పాస్‌వర్డ్, డిస్క్ మొత్తానికి ఎన్‌క్రిప్షన్. ఇవి మొదటి సాయంత్రమే అయిపోవాలి.

తర్వాత మెరుపుల నెయిల్ పాలిష్. 2013 చివర్లో ఎరిక్ మిషో, రయాన్ లాకీ హాంబర్గ్‌లో జరిగిన హ్యాకర్ల సమావేశంలో చూపించిన పద్ధతి ఇది. చిన్నా పెద్దా మెరుపు ముక్కలు కలిసి ఉన్న సీసా కొనండి. ఒకే సైజు సన్నటి పొడి ఉన్నది పనికిరాదు, పొడిలో ఒక ముక్కను ఇంకో ముక్క నుంచి వేరుచేసి చూడలేం. అడుగున ఎదురెదురు మూలల్లో రెండు మరలు ఎంచుకోండి. వాటి తల చుట్టూ ఉన్న దుమ్మును పొడి గుడ్డతో తుడిచి, తల నుంచి బాడీ మీదికి పొంగేలా ఒక చుక్క వేయండి. గుంటలో మాత్రమే నిండితే మరను తిప్పినప్పుడు చుక్క ముక్కలవకుండా దానితోపాటే తిరిగిపోవచ్చు. ఒక రాత్రి ఆరనివ్వండి.

ఉదయం ఫొటో తీయండి. పైనుంచి కాదు, పక్క నుంచి టార్చి వేసి, ఫోన్‌ను మరకు నిలువుగా పట్టుకుని, మర తల ఫ్రేము నిండా వచ్చేలా. తర్వాత టార్చిని రెండో పక్కకు మార్చి ఇంకొకటి. లైటు మారితే వేరే ముక్కలు మెరుస్తాయి, అందుకే రెండు ఫొటోలు. వీటిని ఆ ల్యాప్‌టాప్‌లో దాచొద్దు, ఫోన్‌లో ఉంచుకోండి. ప్రయాణం నుంచి తిరిగొచ్చినప్పుడు అదే కోణంలో, అదే లైటుతో మళ్లీ తీసి, పాతదీ కొత్తదీ ఒకదాని వెనక ఒకటి వేలితో అటూ ఇటూ జరపండి. ఏమీ మారకపోతే చుక్కలు కదలకుండా నిలబడతాయి. ఒక్క ముక్క పక్కకు గెంతినట్టు కనిపించినా పవర్ బటన్ నొక్కకండి, పాస్‌వర్డ్ కొట్టకండి. డిస్క్‌లో ఉన్నది ఎలాగూ బ్యాకప్‌లో ఉంటుంది. ఆ మిషన్‌ను అలాగే మూసి పక్కన పెట్టి, షాపుకు బయల్దేరండి.